లైవ్‌లో విన్న ఇండీ, ప్రయోగాత్మక రాక్: బరంపురం, జయపురం వైపు తెలుగువాళ్ల అనుభవాలు

#1 బరంపురం_బేస్

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఇండీ రాక్, ప్రయోగాత్మక రాక్ వినే తెలుగువాళ్లం ఉన్నాం. కానీ ఎవరికి వాళ్లం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంట్లో కూర్చుంటున్నాం. సినిమా పాటల ఆర్కెస్ట్రా మనకు కొత్త కాదు, పూజ పందిళ్లలో వింటూనే పెరిగాం. నేను అడిగేది దాని గురించి కాదు. సొంత పాటలు కట్టుకునే బ్యాండ్లు, పాట ఎటు పోతుందో ముందే తెలియనివ్వని బ్యాండ్లు, పదిహేను నిమిషాలు ఒకే శ్రుతి మీద నిలబడగలిగే బ్యాండ్లు. వాళ్లను ఎదురుగా నిలబడి విన్నవాళ్లు ఇక్కడ రాయండి. ఏ బ్యాండ్, ఎలా వెళ్లారు, రికార్డులో దొరకనిది అక్కడ ఏం దొరికింది.

ముందు నేను చెబుతాను. నేను మొదట విన్నది ఇండియన్ ఓషన్, భువనేశ్వర్‌లో ఒక కాలేజీ ఫెస్ట్‌లో. 1990లో ఢిల్లీలో సుస్మిత్ సేన్, అషీమ్ చక్రవర్తి మొదలుపెట్టిన బ్యాండ్ అది. నేను చూసేనాటికి అషీమ్ లేరు, 2009 డిసెంబర్‌లో పోయారు. సుస్మిత్ సేన్ కూడా 2013లో తప్పుకున్నారు. మొదలుపెట్టిన ఇద్దరూ లేని బ్యాండ్‌లో ఇంకేం మిగిలి ఉంటుందన్న అనుమానంతోనే వెళ్లాను. రాహుల్ రామ్ బేస్ గిటార్ మీద మొదటి స్వరం వేయగానే అది చెవికంటే ముందు పక్కటెముకలకు తెలిసింది. నేనూ బేస్ వాయిస్తాను, ఆ వరసలన్నీ ఇంట్లో కూర్చుని నేర్చుకున్నవే. అయినా నర్మద మీది పాట వచ్చినప్పుడు అది నాకు తెలిసిన పాటలా అనిపించలేదు. రాహుల్ రామ్ నర్మదా బచావో ఆందోళనలో పనిచేసిన మనిషి, ఆ పాట ఆ లోయలోని జానపదం. గొంతులో ఆ బరువు ఉంది.

ఇంకొక్కటి చెప్పాలి. మధ్యలో అమిత్ కిలం డ్రమ్ పుల్లలు కింద పెట్టి గబ్‌గుబి తీశాడు. బెంగాల్ బావుల్ గాయకుల వాయిద్యం. చిన్న గుండ్రటి డోలుని చంకలో ఇరికిస్తారు. దాని తోలులోంచి వచ్చే తీగని ఒక చేత్తో లాగి పట్టుకుని రెండో చేత్తో మీటుతారు. తీగ బిగిస్తే స్వరం పైకి పోతుంది, సడలిస్తే కిందికి జారుతుంది. రికార్డు విని అది ఏ వాయిద్యమో పోల్చుకోవడం కష్టం. ఎదురుగా చూస్తే ఆ చేతి లాగుడూ, ఆ స్వరం జారడమూ ఒకే పని అని తెలుస్తుంది. దానికోసమే మళ్లీ వెళ్లాలనిపించింది, వెళ్లాను కూడా.

#2 జయపురం_రీవర్బ్

అన్నా, ఇలాంటి చోటు కోసమే ఎదురుచూస్తున్నాను. నాకు పోస్ట్ రాక్ ఇష్టం, అంటే పాడటం తక్కువగా ఉండి వాయిద్యాలే మెల్లగా పెరుగుతూ పోయే రాక్. యాజ్‌వీకీప్‌సెర్చింగ్ అని అహ్మదాబాద్‌లో పుట్టిన బ్యాండ్, 2017లో వచ్చిన వాళ్ల జియా ఆల్బమ్ నాకు నైట్ డ్యూటీల్లో తోడు. వాళ్ల షో కోసం బెంగళూరు వెళ్లాను. జయపురం నుంచి బెంగళూరు అంటే హిరాఖండ్ రైల్లో విజయనగరం చేరాలి, అక్కడ దిగి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ పట్టుకోవాలి. ఇంట్లో పెళ్లికి వెళ్తున్నానని చెప్పలేదు, పాట వినడానికే వెళ్తున్నానని చెప్పాను. మా అమ్మ చాలాసేపు నా మొహం చూసి పులిహోర కట్టిచ్చింది.

వాళ్ల పాటల్లో మాట తక్కువ. నాలుగైదు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. గిటార్ మీద రెండు మూడు స్వరాలు, డిలే పెడల్ వాటినే తిప్పి తిప్పి వినిపిస్తూ ఉంటుంది. ఇంట్లో అయితే ఆ సమయంలో ఫోన్ చూసుకుంటాం, కూర కలుపుకుంటాం. అక్కడ ఆ నాలుగు నిమిషాలూ గదిలో ఎవరూ మాట్లాడలేదు. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి ఐస్ తీస్తూ తీస్తూ ఆగి, గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ తర్వాత డ్రమ్స్ పడ్డాయి. పక్కనున్న అమ్మాయి ఎవరో తెలియదు, నా మోచేయి పట్టుకుంది.

రికార్డులో వాల్యూమ్ మన చేతిలో ఉంటుంది. మెల్లగా ఉన్నచోట పెంచుతాం, పెద్దగా ఉన్నచోట తగ్గిస్తాం. అలా చేసి చేసి పాటలోని ఎత్తుపల్లాలన్నీ మనమే చదును చేసేస్తాం. షోలో ఆ పని కుదరదు. వాళ్లు ఎంత మెల్లగా వాయిస్తే అంత ఒళ్లు దగ్గర పెట్టుకుని వినాలి.

#3 ఛత్రపురం_వాసి

నేను ఈ సంగీతం వినేవాణ్ని కాను. మా అబ్బాయి వింటాడు, వాడే ఈ లింక్ పంపాడు. ఘంటసాల గారినీ, బాలమురళి గారినీ విన్న చెవులు నావి. వాడి గదిలోంచి వచ్చేది నాకు గోలలాగే వినపడుతుంది. కించపరచాలని రాయడం లేదు, తెలుసుకోవాలనే అడుగుతున్నాను. గిటార్ కీచుమని అరుస్తుంటే అందులో మీకు ఏం వినపడుతోంది?

రెండో సంగతి. వచ్చే నెల బెంగళూరులో ఏదో షోకి పోతానంటున్నాడు. చెవులు పాడవుతాయేమోనని వాళ్ల అమ్మకీ నాకూ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

#4 రాయగడ_సౌండ్

ఛత్రపురం అన్నగారికి నమస్కారం. నేను సౌండ్ బాక్సులు అద్దెకిస్తాను. పెళ్లి, సభ, భజన, నాటకం, అన్నిటికీ వెళ్తాను. నా పనిలో సగం మైకు కుయ్‌మనకుండా చూసుకోవడమే. మైకు పట్టిన శబ్దం బాక్సులోంచి బయటికొస్తుంది, దాన్ని మైకు మళ్లీ పడుతుంది, అది మళ్లీ బాక్సులోకి పోతుంది. అలా తిరిగి తిరిగి ఒక్క స్వరం మిగతావన్నీ మింగేస్తుంది, దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. పెద్దమనిషి ఎవరైనా మాట్లాడుతుండగా అది వస్తే సభంతా నావైపే చూస్తుంది.

ఒకసారి ఒక కాలేజీ ఫంక్షన్‌లో ముగ్గురు కుర్రాళ్లు సొంత పాటలు వాయించారు. చివరి పాటలో గిటార్ అబ్బాయి జనానికి వీపు పెట్టి, యాంప్‌కి, అంటే గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టెకి, ఎదురుగా గిటార్ పెట్టి నిలబడ్డాడు. కుయ్ మొదలైంది. నేను శబ్దం తగ్గించడానికి మిక్సర్ ఫేడర్ మీద చేయి వేశాను. అతను నన్ను చూసి వద్దని తలాడించాడు. ఆగాను. అతను ఒక అడుగు ముందుకేస్తే స్వరం మారింది. కాస్త పక్కకి ఒరిగితే ఇంకో స్వరం వచ్చింది. తీగల మీద వేలు కూడా పెట్టలేదు. యాంప్‌కీ గిటార్‌కీ మధ్య దూరం, కోణం మారుస్తూ వాయిస్తున్నాడు. ఇన్నేళ్లుగా నేను తరిమేస్తున్న శబ్దాన్ని అతను మచ్చిక చేసుకుని పాడిస్తున్నాడు. ఆ రాత్రి బాక్సులు లారీకి ఎక్కించాక అతని దగ్గరికి పోయి ఎలా చేశావని అడిగాను. అప్పటి నుంచీ ఈ సంగీతం వింటున్నాను. మీరడిగిన కీచుకి నా సమాధానం ఇదే. అది చేతిలోంచి జారిపోతే గోల, చేతిలో ఉంటే స్వరం. ఆ తేడా ఎదురుగా ఉంటే కళ్లతో చూడొచ్చు.

ఇక చెవుల సంగతి. మీ భయం నిజమైన భయమే. 85 డెసిబెల్స్ శబ్దంలో రోజుకి 8 గంటలు మించి ఉండకూడదని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 88కి 4 గంటలు, 94కి ఒక గంట, 100కి పావుగంట. రాక్ షోలో ముందు వరసల్లో 100 దాటడం మామూలే. కాబట్టి ఇయర్ ప్లగ్స్ తప్పనిసరి. స్పాంజివి మందుల షాపులో కూడా దొరుకుతాయి. దాన్ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవి పైకి లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. ఊరికే చెవి గుమ్మంలో పెట్టుకుంటే పెట్టుకోనట్టే. బాక్సుల ముందు నిలబడొద్దని చెప్పండి. మిక్సర్ టేబుల్ వెనక నిలబడమనండి, సౌండ్ చూసుకునే మనిషి అక్కడ వినే సరిచేస్తాడు, అందరికంటే బాగా వినపడేది అక్కడే. ఇంటికొచ్చాక చెవిలో గుయ్‌మంటుంటే చెవికి దెబ్బ తగిలినట్టు లెక్క, తర్వాత కొన్నాళ్లు పెద్ద శబ్దాలకి దూరంగా ఉండాలి.

మన వైపు ఊరేగింపుల్లో డీజే బండి పక్కన చిన్నపిల్లలు నడుస్తుంటారు. వాళ్ల చెవుల గురించి ఎవరూ అడగరు. నేను అడుగుతున్నాను, నా బండి పక్కన పిల్లల్ని నడవనివ్వను.

#5 పర్లాకిమిడి_మాస్టారు

ఛత్రపురం గారూ, నేను బళ్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. బాలమురళి గారిని నేనూ ఎదురుగా కూర్చుని విన్నాను. మీ మొదటి ప్రశ్నకి నాకు తోచింది చెబుతాను.

ఒక తీగని మీటితే అది నిడివంతా ఒకేసారి కంపిస్తుంది, అదే సమయంలో సగం సగంగానూ, మూడు ముక్కలుగానూ, నాలుగు ముక్కలుగానూ కంపిస్తుంది. మనం ఒక స్వరం అనుకునేదాంట్లో ఇవన్నీ ఉంటాయి. తంబురా దగ్గర చెవి పెట్టి కూర్చుంటే షడ్జంలోంచి గాంధారం పలుకుతుంది, ఎవరూ మీటకుండానే. మన సంగీతం తెలిసినవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు. అదే గిటార్‌ని యాంప్ భరించలేనంతగా పెంచితే ఆ లోపలి స్వరాలన్నీ బయటికి తోసుకొస్తాయి. ఈ బ్యాండ్లు వెతికేది వాటినే.

ఇది ఊహ కాదు, చరిత్రలో దారి కూడా ఉంది. న్యూయార్క్‌లో 1960లలో లా మాంట్ యంగ్ అనే ఆయన ఒకే స్వరాన్ని గంటల తరబడి నిలిపే బృందం నడిపాడు. అందులో వయోలా వాయించిన జాన్ కేల్ ఆ పద్ధతిని వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బ్యాండ్‌లోకి తెచ్చాడు. వాళ్ల మొదటి ఆల్బమ్ 1967లో వచ్చింది. ఆ లా మాంట్ యంగే 1970లో కిరానా ఘరానా హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యుడిగా చేరాడు. తర్వాత అదే ఊళ్లో గ్లెన్ బ్రాంకా గిటార్లతోనే సింఫనీలు కట్టాడు. 2001 జూన్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ కింద వంద గిటార్ల కోసం రాసినది ఒకటి మొదటిసారి వాయించారు. వంద గిటార్లు ఒకేసారి మోగితే వాటి మీద ఎవరూ వాయించని స్వరాలు గాల్లో వినపడతాయి. అది ఏ రికార్డులోనూ సరిగా పట్టదు, ఎందుకంటే అవి ఆ గదిలో, ఆ గాలిలో తయారవుతాయి.

బ్రాంకా దగ్గర వాయించిన ఇద్దరు సోనిక్ యూత్‌లో ఉన్నారు. వాళ్లు ఒక్కో పాటకి ఒక్కో శ్రుతిలో గిటార్లు కట్టుకునేవాళ్లు. 1999 జులైలో కాలిఫోర్నియాలో వాళ్ల సామాను బండి దొంగతనం జరిగింది. పోయినవి వట్టి గిటార్లే అయితే మళ్లీ కొనుక్కోవచ్చు. ఏళ్ల తరబడి ఒక్కో పాట కోసం మార్చుకుంటూ వచ్చిన గిటార్లవి, వాటితో పాటే కొన్ని పాటలు వాయించే వీలూ పోయింది. ఆ సంగతి చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది.

నేను ఎదురుగా విన్నది తక్కువ. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఉంటుంది, తనతో బెంగళూరు బ్యాండ్ ఆగం షోకి వెళ్లాను. వాళ్లు త్యాగరాజ కృతుల్ని డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్లతో పాడతారు. చుట్టూ ఉన్న పిల్లల్లో చాలామందికి తెలుగు రాదు, కన్నడం వాళ్లూ, మలయాళీలూ, హిందీ వాళ్లూ. అందరూ ఆ తెలుగు మాటల్ని నోటికి నోరు కలిపి పాడుతున్నారు. మీ అబ్బాయిని ముందు ఆ బ్యాండ్ వినిపించమనండి. మీ ఇద్దరికీ మధ్య అది మంచి వంతెన అవుతుంది.

#6 బల్లార్షా_బండి

మహారాష్ట్ర అంచు నుంచి నాదీ ఒక మాట. మాకు పుణెలో ఎన్‌హెచ్7 వీకెండర్ అనే మ్యూజిక్ ఫెస్టివల్ ఉండేది, 2010లో అక్కడే మొదలైంది. నాలుగైదు స్టేజీలు ఒకేసారి నడిచేవి. పెద్ద పేరున్న వాళ్ల దగ్గర జనం తొక్కుకుంటుంటే నేను చివరి చిన్న స్టేజీకి పోయేవాణ్ని. అక్కడ ముప్పై నలభై మంది, వాయించేవాళ్ల వేళ్లు కనపడేంత దగ్గర. కొత్త బ్యాండ్లని విన్నది అంతా అక్కడే. పెద్ద స్టేజీ టీవీలో కూడా చూడొచ్చు. కొత్తగా వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదొక్కటే, పోస్టర్‌లో చిన్న అక్షరాలతో ఉన్న పేర్ల దగ్గరికి పొండి.

#7 సునాబెడ_స్ట్రింగ్స్

మా నాన్న హెచ్ఏఎల్‌లో పనిచేశారు, టౌన్‌షిప్ క్వార్టర్స్‌లో పెరిగాను. క్లబ్‌లో గిటార్ నేర్పే అంకుల్ ఉండేవారు. ఆడపిల్లకి ఎలక్ట్రిక్ ఎందుకని ఎవరో అంటే, తీగకి ఆ తేడా తెలియదని ఆయన జవాబు చెప్పారు.

నేను జీరో మ్యూజిక్ ఫెస్టివల్‌కి వెళ్లాను. అరుణాచల్‌లో, అపతానీ తెగవాళ్ల జీరో లోయలో, వరి పొలాల మధ్య. 2012లో స్థానికుడు బాబీ హానో, మెన్‌హూపాజ్ బ్యాండ్ గిటారిస్టు అనుప్ కుట్టీ కలిసి మొదలుపెట్టారు. స్టేజీలు వెదురుతో కడతారు. మా కొరాపుట్ కొండల్లో పెరిగినదాన్ని కాబట్టి ఆ చలి, ఆ మబ్బు నాకు కొత్త కాదు. కొత్తగా అనిపించింది ఏమిటంటే, వాన మొదలైనా ఎవరూ కదల్లేదు. గమ్‌బూట్లు అద్దెకు తీసుకుని బురదలో నిలబడి విన్నాం. ఒక బ్యాండ్ పాట మధ్యలో కరెంటు పోయింది. డ్రమ్మర్ ఆపలేదు. గిటార్లు మూగబోయాయి, పాడే అతను మైకు వదిలేసి స్టేజీ అంచుకొచ్చి వట్టి గొంతుతో పాడాడు. కరెంటు తిరిగొచ్చి గిటార్ ఒక్కసారి మోగినప్పుడు లోయంతా అరిచింది.

ఆడవాళ్లు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, రాత్రి షో అయ్యాక ఎలా తిరిగి రావాలన్నది ముందే చూసుకోండి. నేను టికెట్‌కంటే ముందు బస వెతుకుతాను, హాలుకి నడిచి వెళ్లేంత దగ్గరలో. గుంపులో ఇబ్బంది పెట్టేవాళ్లు ఉంటారు. బెంగళూరులో ఒక చోట అలా జరిగితే వాయించే అతను పాట ఆపి, ఆ మనిషిని బయటికి పంపేదాకా మళ్లీ మొదలుపెట్టలేదు. అలాంటి బ్యాండ్లకి నేను ఎంత దూరమైనా వెళ్తాను.

#8 బరంపురం_బేస్

మాస్టారు రాసింది చదివాక నాకు మన ఊరి ఠాకురాణి యాత్ర గుర్తొస్తోంది. తెలియనివాళ్ల కోసం: బరంపురంలో బుఢీ ఠాకురాణి అమ్మవారికి రెండేళ్లకోసారి చైత్రంలో జరిగే జాతర. మన తెలుగు మూలాలున్న దేరా నేతవాళ్లకి అందులో పెద్ద పాత్ర. రాత్రులు పులివేషాలు వస్తాయి. ఒళ్లంతా పసుపు రంగు, నల్ల చారలు, వెనక డోళ్లు. ఆ డోళ్ల దగ్గర నిలబడినవాడికి ప్రయోగాత్మక రాక్ కొత్తగా ఏం అనిపిస్తుంది? అదే దరువు అరగంట, గంట, కొంచెం కొంచెంగా బిగుసుకుంటూ పోతుంది. కడుపులో అదురు. వేళకాని వేళ, వీధి నిండా జనం. ఈ సంగీతానికి మన చెవులు చిన్నప్పుడే తయారయ్యాయని నా నమ్మకం. బయటి ఊరివాళ్లు దీన్ని వింత అంటారు గానీ, గంజాం వాడికి వింత కాకూడదు.

#9 జయపురం_రీవర్బ్

అన్నా, ఇక్కడ మీతో నేను ఒప్పుకోలేను. డోళ్లు ఒంటికి తగులుతాయన్నది నిజం. మా వైపు ధెంసా అనే గిరిజన నృత్యం ఉంది, ఒకరి నడుము ఒకరు పట్టుకుని వరసగా ఆడతారు. డోలు, తమక్ డప్పు, సన్నాయి లాంటి మొహురి రాత్రంతా మోగుతాయి. నేనూ ఆ వరసలో ఆడాను. కానీ ధెంసాలో వాయించేవాడూ ఆడేవాడూ ఒకరికొకరు తెలిసినవాళ్లు, ఆ దరువు ఎటు పోతుందో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే అందరి అడుగూ ఒక్కటిగా పడుతుంది. పులివేషం మొక్కు. మొక్కులో తప్పు జరగకూడదు. ప్రయోగాత్మక షోలో తప్పు జరిగే వీలు ఉండాలి, లేకపోతే అది ప్రయోగమే కాదు.

నేను చూసిన ఒక షో పూర్తిగా చెడిపోయింది. ఇద్దరు మనుషులు, ఒక గిటార్, ఒక లాప్‌టాప్. లూప్ పెడల్‌లో (వాయించిన ముక్కని పట్టి మళ్లీ మళ్లీ వినిపించేది) పట్టిన ముక్క లాప్‌టాప్ లయతో కలవడం లేదు. పది నిమిషాలు దాన్ని కలపాలని చూశారు. తర్వాత గిటార్ ఆమె అన్నీ ఆపేసి, లాప్‌టాప్ మూసి, ఆ కలవని ముక్కనే ఒంటరిగా వినిపించి దాని మీద కొత్తగా వాయించడం మొదలుపెట్టింది. అది ముందుగా అనుకున్నది కాదని ఆమె మొహం చూస్తే తెలుస్తోంది. ఆ పావుగంట ఇంకెక్కడా లేదు, ఎవరూ రికార్డు చేయలేదు. నేను వెళ్లేది అలాంటి పావుగంట కోసం. యాత్రని దీనితో కలిపితే రెండిటికీ అన్యాయం జరుగుతుందని నాకనిపిస్తుంది.

#10 పర్లాకిమిడి_మాస్టారు

జయపురం అమ్మాయి చెప్పినదాంట్లో పట్టు ఉంది. అయితే ఒకే దరువుని పట్టుకుని వేలాడటం అన్నచోట బరంపురం బాబుకి కొంత ఇవ్వాలి. జర్మనీలో 1968లో కొలోన్ నగరంలో క్యాన్ అనే బ్యాండ్ మొదలైంది. దాని డ్రమ్మర్ యాకీ లీబెట్‌సైట్ అంతకుముందు ఫ్రీ జాజ్ వాయించినవాడు, ఏ లయా లేని సంగీతం. దాన్ని వదిలి ఒకే దరువుని మారకుండా వాయించడానికి వచ్చాడు. దరువు కదలదు కాబట్టి మిగతావాళ్లు ఎంత దూరమైనా పోయి రాగలరు. అంటే తెలిసిన దరువు, తెలియని పాట, రెండూ ఒకే చోట ఉండొచ్చు.

#11 బరంపురం_బేస్

ఒప్పుకుంటాను మాస్టారూ. చెల్లెమ్మా, మొక్కు గురించి నువ్వన్నది సరైన మాట. డోళ్ల దగ్గర నేను నేర్చుకున్నది వినడం వరకే, అంతకుమించి పోల్చను.

#12 గుణుపురం_లూప్

అన్నలకీ అక్కలకీ నమస్తే. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మేం ముగ్గురం, గిటార్, బేస్, కహాన్ (కూర్చుని చేత్తో వాయించే చెక్కపెట్టె డ్రమ్). మా కాలేజీ ఫెస్ట్‌లో ఇరవై నిమిషాలు ఇచ్చారు. కమిటీ వాళ్లు సినిమా పాటలే కావాలంటున్నారు. మాకు తెలుగులో సొంతంగా కట్టుకున్న పెద్ద పాట ఒకటి ఉంది, మధ్యలో ఏడెనిమిది నిమిషాలు మాట లేకుండా సాగుతుంది. అది వాయించాలని ఉంది. ఇంకో ఇబ్బంది, ఆ హాల్లో గిటార్ పెట్టగానే బుయ్‌మని ఒకటే మోత. పెడల్స్ పెడితే ఇంకా ఎక్కువ. ఏం చేయాలి?

#13 రాయగడ_సౌండ్

తమ్ముడూ, ముందు మోత సంగతి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోత అక్కడిదే. రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, గిటార్‌లో తీగల కింద శబ్దం పట్టే పికప్ సింగిల్ కాయిల్‌ది (ఒకే తీగ చుట్ట ఉన్నది) అయితే అది ట్యూబ్‌లైట్లు, ట్రాన్స్‌ఫార్మర్ల మోతని పడుతుంది. గిటార్ పట్టుకుని నువ్వు నిలబడ్డ చోటే మెల్లగా తిరుగు. ఏదో ఒక వైపు మోత తగ్గుతుంది, అటు తిరిగే వాయించు. రెండు, యాంప్ ఒక ప్లగ్‌లో, మిక్సర్ హాలు అవతల ఇంకో ప్లగ్‌లో ఉంటే రెండు ఎర్త్‌ల మధ్య కరెంటు తిరిగి మోత వస్తుంది. అన్నిటినీ ఒకే బోర్డు నుంచి లాగు. పెడల్స్ అన్నీ ఒకే చవక అడాప్టర్ మీద ఉంటే ఒక్కొక్కటీ తీసి చూడు, ఏది మోగిస్తోందో తెలుస్తుంది. డీఐ బాక్సులో, అంటే గిటార్‌ని నేరుగా మిక్సర్‌కి కలిపే చిన్న డబ్బాలో, గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అది వాడొచ్చు.

ఒక్కటి మాత్రం చేయకు. మోత పోతుందని ఎవరైనా ప్లగ్‌కి ఎర్త్ పిన్ తీసేయమంటే వినకు. మోత పోతుంది, దాంతో పాటు నీకు రక్షణ పోతుంది. గిటార్ తీగ మీద చేయి, మైకు మీద పెదవి, మధ్యలో నువ్వు. ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి.

#14 సునాబెడ_స్ట్రింగ్స్

కమిటీతో గొడవ వద్దు తమ్ముడూ. ఒక సినిమా పాట ఐదు నిమిషాలు వాయించండి, ఆపకుండా దాని చివరి స్వరం మీద నిలబడి, అక్కడి నుంచే మీ పాటలోకి జారండి. చప్పట్లకి ఖాళీ ఇవ్వొద్దు. మాట లేని భాగంలో జనం వైపు చూడకండి, ముగ్గురూ ఒకరినొకరు చూసుకోండి. మీరు వింటున్నారని కనపడితే వాళ్లూ వింటారు. ముందుగా ఇది ప్రయోగం అని మైకులో చెప్పొద్దు.

#15 బరంపురం_బేస్

తెలుగులో పాడుతున్నందుకు చాలా సంతోషం. హైదరాబాద్ చౌరస్తా బ్యాండ్ తెలుగు మాటని జమైకా రెగె సంగీతంలో పెట్టి కాలేజీల్లో పాడించేసింది, రామ్ మిరియాల అక్కడి నుంచే వచ్చాడు. కాబట్టి తెలుగులో సొంత పాట జనం వినరని ఎవరైనా అంటే నమ్మొద్దు. బేస్ వాయించే కుర్రాడికి నా మాటగా చెప్పు: ఆ ఏడెనిమిది నిమిషాల్లో మూడు స్వరాలకి మించి వాడొద్దు.

#16 గుణుపురం_లూప్

అయిపోయింది! సునాబెడ అక్క చెప్పినట్టే సినిమా పాటలోంచి జారాం. మోత సగానికి సగం తగ్గింది, ఎడమ వైపు గోడకి తిరిగి వాయించాను. మాట లేని భాగం మొదలవగానే వెనక బెంచీలవాళ్లు అరిచారు, పాట పాడమని. రెండు మూడు నిమిషాలు అలాగే నడిచింది. భయపడ్డాం, కానీ కహాన్ వాడు దరువు వదల్లేదు. తర్వాత అరుపులు ఆగాయి. కొంతమంది బయటికి పోయారు. ఉన్నవాళ్లు ముందుకొచ్చి కూర్చున్నారు, కుర్చీలు వదిలేసి నేల మీద. చివర ఫీడ్‌బ్యాక్ పెట్టాను, రాయగడ అన్న చెప్పిన కుర్రాడిలా యాంప్ వైపు తిరిగి. సగం సేపు అది నా మాట వినలేదు, తర్వాత ఒక స్వరం నిలబడింది. అది ఎంతసేపు మోగిందో తెలియదు. హాలు వాచ్‌మన్ గారు సవర ఆయన, అన్నీ సర్దుకుంటుంటే వచ్చి మళ్లీ ఎప్పుడు వాయిస్తారని అడిగారు.

కమిటీ వాళ్లు వచ్చే ఏడాది పిలవరని విన్నాం. అందుకే ఇంకో చోటు వెతుకుతున్నాం.

#17 రాయగడ_సౌండ్

చోటు వెతకక్కర్లేదు తమ్ముడూ. నా గోడౌన్ ఉంది. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో బాక్సులన్నీ అక్కడే ఖాళీగా ఉంటాయి. అరవై మంది పడతారు. గోడలకి పాత పరుపులు కడితే మార్మోత తగ్గుతుంది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లతో నేను ముందే మాట్లాడతాను, పదింటికల్లా ఆపేస్తాం. అద్దె వద్దు. వాయించేవాళ్లకి దారిఖర్చులు వచ్చేలా టికెట్ మాత్రం పెడదాం, ఊరికే వాయించమని ఎవరినీ అడగొద్దు.

#18 ఛత్రపురం_వాసి

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు చెప్పిన ఆగం బ్యాండ్ వాడితో కలిసి విన్నాను. గిటార్ నాకు ఇంకా ఎక్కువే అనిపించింది, కానీ పాట చెడలేదు. వాణ్ని బెంగళూరు పంపుతున్నాం, ఇయర్ ప్లగ్స్ వాళ్ల అమ్మే కొనిచ్చింది. రాయగడలో పెడితే మేం ముగ్గురం వస్తాం. నాకు కాసేపటికి నడుం నొప్పి వస్తుంది, కూర్చోవడానికి కుర్చీ ఉంటుందా?

#19 రాయగడ_సౌండ్

ఉంటుంది అన్నగారూ. మిక్సర్ టేబుల్ వెనక, నా పక్కనే వేస్తాను.

#20 జయపురం_రీవర్బ్

ఆషాఢంలో ఏ శనివారమో త్వరగా చెప్పండి, డ్యూటీ మార్చుకోవాలి. జయపురం, కొరాపుట్ నుంచి వచ్చేవాళ్లు నాకు మెసేజ్ పెట్టండి, హిరాఖండ్‌లో కలిసి వద్దాం. బరంపురం అన్నా, మీ బేస్ యాంప్ తెస్తారా, లేక డీఐ నుంచే పెడదామా?